కిటికీ కన్నంలో ఆకు చుట్టలు

మా అబ్బాయి గణేష్‌బాబుకి టైఫాయిడ్ ముదిరి రామచంద్రపురం ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు, ఇంట్లో వాడి గది కిటికీ చట్రానికి బయటివైపు, పాత మేకు ఊడిన కన్నంలో నాకు ఒక ఆకు చుట్ట కనిపించింది. పుల్లతో లాగితే ఇంకో రెండు వచ్చాయి. గులాబి ఆకుల్ని గుండ్రంగా కోసి, పొర మీద పొర వేసి, చిన్న బీడీలా చుట్టారెవరో. ఒకటి విప్పితే లోపల పసుప్పచ్చని ముద్ద.

ఇద్దరు పసిపిల్లలు నా చేతుల్లోనే పోయారు. తర్వాత వాళ్ళ నాన్న. మిగిలింది వీడొక్కడే. వీధిలోకి పరిగెత్తి, పెళ్ళయి ఏడాదైనా కాని నా కోడలు సత్యశ్రీ వాడికి చేతబడి చేయించిందని పదకొండు ఇళ్ళవాళ్ళూ వినేలా అరిచాను.

సత్యశ్రీ ఒక చుట్టను అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇది ఆకులు కోసే ఈగ గూడండీ అత్తయ్యగారూ. తేనెటీగల్లాంటిదే, కానీ పట్టు పెట్టదు, ఒంటరిగా ఉంటుంది. కాలేజీలో ఇలాంటివాటి కోసం గోదారి గట్టంతా తిరిగామండి."

"ఈగ బీడీలు చుడుతుందంటే నమ్మడానికి నేనేమైనా చంటిపిల్లనా?" అన్నాను.

కాలవ అవతలి ఊరి మంత్రగాడు వచ్చి ఇంకో చుట్ట చీల్చాడు. పసుపు ముద్దలో తెల్లని పురుగు మెలికలు తిరిగింది. మా అబ్బాయి ప్రాణాన్ని లాగుతున్నది ఇదేనన్నాడు. మూడు రోజులు తలుపులూ కిటికీలూ మూసి ఉంచాలి. మూడో రోజు పొద్దు గుంకేదాకా నేను గడప దాటకూడదు, దాటితే పిల్లాడు దక్కడు. ఆరోజు పగలే కోడల్ని పెరటి దారిన పుట్టింటికి పంపెయ్యాలి. కొవ్వూరులో ఉన్న ఆమె అన్నకు కబురు వెళ్ళింది.

వైశాఖమాసపు ఉక్కలో, ఆ చీకటింట్లో మేమిద్దరమే మిగిలాం. ఆమె వండితే నేను తినలేదు. నేను వండితే ఆమె తింది. ఆసుపత్రిలో వాడి దగ్గర మా తమ్ముడున్నాడు. వీధిలో సైకిల్ బెల్లు మోగినప్పుడల్లా కబురు తెచ్చారేమోనని తలుపు దాకా వెళ్ళేదాన్ని. తలుపు తీసి అడగడానికి లేదు.

రెండో రోజు సత్యశ్రీ తన కాలేజీ రికార్డు పుస్తకం నా మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది. నేను బడికి వెళ్ళలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఏమీ తోచక తెరిచాను. తేనెటీగ పుప్పొడిని కాళ్ళకు అంటించుకుని మోస్తుందనీ, ఆకులు కోసే ఈగ పొట్ట కింద మోస్తుందనీ, గూట్లో దాని పిల్ల పురుగుకి ఆ పుప్పొడి ముద్దే తిండనీ రాసి, పక్కన బొమ్మలు వేసింది. పుస్తకంలో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు అనుకుని మూసేశాను.

కానీ మూడో రోజు పొద్దున్నే అబ్బాయి గదిలోకి వెళ్ళి కిటికీ రెక్కల సందుకు కన్ను ఆనించాను. ఎండ ఎక్కాక సన్నని రొద వినిపించింది. తేనెటీగ కన్నా కాస్త బొద్దుగా, నల్లటి పొట్ట మీద తెల్లని చారలతో ఒక ఈగ. తనంత ఆకు ముక్కను కాళ్ళ మధ్య పట్టుకుని వచ్చి ఆ కన్నంలోనే దూరింది. మళ్ళీ వెళ్ళి మరో ముక్క తెచ్చింది. మెడ పట్టేసినా నేను కదల్లేదు. మధ్యాహ్నానికి ఆకు లేకుండా వచ్చింది. కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పొట్ట కిందంతా పసుపు.

అప్పటికే పెరటివైపు ఆమె అన్న కారు వచ్చి ఆగింది. సత్యశ్రీ పెట్టె పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడింది.

"అది ఈగేనమ్మా! నా కళ్ళతో చూశాను. ఉండిపో" అన్నాను.

"నేను మొదటి రోజే చెప్పాను కదండీ. నా మాట అబద్ధం, ఈగ సాక్ష్యం నిజమా?"

"తప్పు నాదే తల్లీ."

"నాతో అంటే ఏం లాభమండీ? వీధిలో అరిచారు. వీధిలోనే చెప్పండి, ఇంటింటికీ వెళ్ళి."

"పొద్దు గుంకాక చెప్తానమ్మా. ఇప్పుడు గడప దాటితే వాడు..."

"అంటే ఇంకా నేనే చేశానని మీ భయం." ఆమె పెట్టె అన్న చేతికిచ్చింది.

వీధి తలుపు గడియ తీశాను. కుడికాలు బయట పెట్టగానే ఆసుపత్రిలో వాడి ఊపిరి ఆగిపోయినట్టే అనిపించింది. గుమ్మం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత రెండో కాలూ పెట్టాను.

పక్కింటి సూరమ్మ అరుగు మీద చేట పట్టుకుని కూర్చుంది.

"ఏంటండీ శ్యామలాంబగారూ! పొద్దుండగానే బయటికొచ్చేశారు? కుర్రాడేమైపోవాలి?"

"అది ఈగ గూడు సూరమ్మా. నా కోడలు ఏ పాపం ఎరగదు. నేనే నోరు పారేసుకున్నాను."

"ఈగ చుట్టలు చుట్టిందా! కాల్చుకోవడానికా?" అంది. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. "మీ కోడలు మీకే పెట్టినట్టుంది మందు."

తర్వాతి ఇంటికి నడిచాను.

నాలుగో ఇంటి మెట్లు దిగుతుండగా కారు వచ్చి ఆగింది. సత్యశ్రీ అద్దం దించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎన్నయ్యాయండీ?"

"నాలుగు. ఒక్కరూ నమ్మడం లేదు."

"నన్ను మాత్రం ఎవరు నమ్మారండీ?" అంది. "ముందు ఆసుపత్రికి వెళ్తున్నాం. ఆయన్ని చూడకుండా నేను కొవ్వూరు వెళ్ళను. పదకొండు ఇళ్ళూ అయ్యాక కొట్టులోంచి మా అన్నయ్యింటికి ఫోన్ చెయ్యండి. నేను తిరిగొస్తానో లేదో అప్పుడు చెప్తాను."

కారు కదిలింది. పొద్దు ఇంకా చాలా ఉంది. నేను అయిదో ఇంటి తలుపు తట్టాను.