సొంత ఇంజిను

ఫ్యాక్టరీ వాకిట్లో దిమ్మలు ఎక్కించిన క్షణం నుంచీ ఐసు కరుగుతూనే ఉంటుంది. అందుకని అతను రోజూ దిమ్మల మీద రంపప్పొట్టు చల్లి, తడిగోనెలు కప్పి, తాడు బిగించి, టీ కూడా తాగకుండా చేపల మార్కెట్ దారి పట్టేవాడు. అంత హడావిడిగా బయల్దేరినా వేళకి చేరిన రోజులు తక్కువ. బరువు మోసుకుంటూ నడిచేవాళ్ళు ఎవరు కనబడినా అతని పికప్ ఆగిపోయేది.

బ్రేకు తొక్కక్కర్లేదు. మూటతో ముసలాయనో, చంకలో బిడ్డతో తల్లో, ఎవరి పక్కకి వచ్చినా ఇంజిను చిన్నగా దగ్గి నిలబడిపోయేది. వాళ్ళు ఎక్కి కూర్చున్నాకే మళ్ళీ అందుకునేది. ఊళ్ళో ఎవరికీ ఇది వింత కాదు. బండికి నడిపేవాడి గుణమే వస్తుందని అందరికీ తెలుసు. పిసినారి బండికి హారను కూడా పూర్తిగా మోగదు, తగువులమారి బండి చలికాలంలోనూ మరిగిపోతుంది. మరి ఈ బండి ఆగుతోందంటే నడిపేవాడు ఎలాంటివాడో వేరే చెప్పాలా? అందరూ అతన్ని పెద్దమనసు అని పిలిచేవాళ్ళు. చేపలమ్మే ఆడవాళ్ళు "పెద్దమనసు వచ్చాడు, జరగండి" అని గంపలు పక్కకి లాగి దారిచ్చేవాళ్ళు.

అతను నవ్వి ఊరుకునేవాడు. ఆగిన ప్రతిసారీ పళ్ళు నూరుకునేవాడనీ, వెనక ఐసు బొట్లుబొట్లుగా కారుతుంటే ఎక్కినవాళ్ళని మనసులో తిట్టుకునేవాడనీ ఎవరికీ చెప్పలేదు. అసలు ఆ బండి అతని అక్కది. ఏళ్ళ తరబడి కూరగాయలు తోలి తోలి, మోకాళ్ళు అరిగి క్లచ్ తొక్కలేక తమ్ముడికి ఇచ్చేసింది. ఆ సంగతి ఊరు మర్చిపోయింది. అతను గుర్తు చెయ్యలేదు.

చివరికి ఇంజిను నల్లటి పొగ కక్కడం, వంతెన ఎక్కలేక వెనక్కి జారడం మొదలుపెట్టింది. ముసలి ఒంట్లో కొత్త గుండె ఎందుకు, అమ్మేసి ఇంకోటి చూద్దామంది భార్య. మెకానిక్ బండి కిందకి దూరి అంతా తట్టి చూశాడు. తుప్పు పైపైనే ఉందనీ, చాసిస్సూ గేర్‌బాక్సూ గట్టివనీ, ఇంజిను మారిస్తే ఇంకా చాలా ఏళ్ళు లాగుతుందనీ చెప్పాడు.

"కాకపోతే కొత్త ఇంజినుకి నీ గుణం పట్టడానికి కొంచెం టైం పడుతుంది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

తన గుణం ఏమిటో అతనికి తెలుసు. వద్దనాల్సింది. కానీ అప్పటిదాకా ఎక్కడా ఆగకుండా పోవచ్చు కదా అన్న ఆశే గెలిచింది. అక్కని అడిగితే, "నీ బండి, నీ ఇష్టం. మార్చుకో," అంది.

కొత్త ఇంజిను వెన్నలా నడిచింది. దిమ్మలు అంచులు కూడా అరక్కుండా మార్కెట్‌కి చేరాయి. దారిలోవాళ్ళు అలవాటుగా చెయ్యెత్తి, బండి దాటిపోయాక దించుకునేవాళ్ళు. కొత్తది కదా, ఇంకా అలవాటు పడలేదు, పెద్దమనసు గుణం ఎక్కడికి పోతుంది అని ఒకళ్ళకొకళ్ళు సర్దిచెప్పుకునేవాళ్ళు.

అలవాటు పడనే పడింది. ఒకరోజు ముందర ఎవరో ద్వారబంధం భుజాన వేసుకుని వెళ్తున్నాడు. అతన్ని చూడగానే బండి ఉరికింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా ఆగలేదు. దుమ్మంతా ఆ మనిషి మొహాన కొట్టింది. ఆ రోజు నుంచీ బరువుతో ఎవరు కనబడినా అంతే. అతను అద్దంలో చూసేవాడు. వాళ్ళ మొహాల్లో కోపం ఉండేది కాదు. ఎవరి ఒంటిమీదో బట్ట జారితే చూసినవాళ్ళు తల తిప్పుకుంటారే, అలా తిప్పుకునేవాళ్ళు. మార్కెట్లో దారి ఇప్పటికీ ఇస్తున్నారు గానీ, "ఐసొచ్చింది" అంటున్నారు, అంతే. మెకానిక్ బానెట్లోంచి తలెత్తకుండానే ఇంజినులో ఏ లోపమూ లేదన్నాడు.

ఒక పొద్దున అక్క పిండిమర నుంచి డబ్బా మోసుకుంటూ కుంటుతూ వస్తోంది. బండి ఉరికింది. అతను రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. అది చక్రాలు ఈడ్చుకుంటూ ఆమెని దాటి చాలా దూరం పోయి ఆగింది. దిగి వెనక్కి నడిచాడు. డబ్బా మూత మీద, ఆమె జుట్టులో దుమ్ము.

"కళ్ళల్లో ఎండ పడి చూళ్ళేదురా నిన్ను," అంది అక్క.

ఎండ ఆమె వీపు మీద ఉంది.

అతను డబ్బా అందుకున్నాడు. "అక్కా, అన్నాళ్ళూ బండి ఆగింది నీ గుణంతోనే. అందరూ నాది అనుకుంటుంటే నోరు మూసుకుని ఉన్నాను."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "కాస్త మెల్లగా నడు, మోకాలు లాగుతోంది," అంది.

క్యాబిన్లో కూర్చోబెట్టి తాళం తిప్పాడు. ఇంజిను అందుకోలేదు. మళ్ళీ మళ్ళీ తిప్పాడు. అక్క దిగింది. అతను డబ్బా భుజానికెత్తుకుని, రెండో చెయ్యి ఆమెకిచ్చి, పల్లపు దారిలో ఆమె ఇంటిదాకా నడిచాడు. వెనక బండిలోంచి కరిగిన నీళ్ళు రోడ్డు వారగా పారుతూ వాళ్ళతోపాటే వచ్చాయి. దారిపొడుగునా జనం చూస్తూనే ఉన్నారు. అతను తలెత్తలేకపోయాడు. వెనక్కీ తిరగలేదు.

ఆ రోజు మార్కెట్లో చేపలు మెత్తబడిపోయాయి. సాయంత్రం ఆడవాళ్ళు గుమ్మం ముందుకొచ్చి ఏకిపారేశారు. అతను నిలబడి అన్నీ విన్నాడు. ఆ పొగడ్తల కంటే ఈ తిట్లే తన ఒంటికి సరిగ్గా సరిపోయినట్టనిపించింది.

మర్నాడు వంతెన దిగగానే ఒకాయన పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని పోతూ కనబడ్డాడు. బండి ఉరికేలోపే అతని కాలు బ్రేకు మీద పడింది. ఇంజిను గుర్రుమంది, గుంజుకుంది. ఆగలేదు. కానీ ఉరకనూ లేదు. ఆయన నడకకి సరిగ్గా పక్కనే దొర్లసాగింది. అతను వంగి అవతలి తలుపు తీశాడు.

"ఎక్కండి," అన్నాడు.

ఆయన బానెట్ వైపు చూశాడు, అతని వైపు చూశాడు. కాసేపు అలాగే నడిచాడు. తర్వాత పరుపుచుట్టని వెనక గోనెల మీదకి విసిరి, కదిలే బండే ఎక్కి కూర్చున్నాడు. ఇంజిను గొణుక్కుంటూనే ఇద్దర్నీ లాక్కెళ్ళింది.