చెయ్యి కాలే బాటిల్

"చెయ్యి కాలే బాటిల్ కావాలి" అన్నాను. షాపువాడు నన్ను ఎగాదిగా చూశాడు.

అతని తప్పేం లేదు. ఆ షాపుకి వచ్చేవాళ్ళందరికీ పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి కూడా పొగలు కక్కాలి, పట్టుకుంటే మాత్రం చల్లగా ఉండాలి. గోడ నిండా అలాంటివే. నీలివి, గులాబీవి, నున్నగా, ఫోటోకి ముస్తాబైనట్టు వరుసగా నిలబడి ఉన్నాయి. పక్క టీకొట్టులోంచి ఒక జగ్గుడు మరిగే నీళ్ళు తెప్పించుకుని, ఒక్కొక్కదాన్నీ దించి, అందులో కాసిని పోసి, బయట అరచెయ్యి ఆనించి చూస్తున్నాను. చల్లగా ఉంటే పక్కన పెట్టేస్తున్నాను.

"అమ్మా, వేడి నీళ్ళకేనా? ఇది తీసుకోండి. రేపటిదాకా వేడి ఆరదు."

"వేడి నీళ్ళకి కాదయ్యా. నీళ్ళు వేడి చెయ్యడానికి."

"రెండూ ఒకటేగా?"

"ఎలా ఒకటవుతుంది? నువ్వు స్నానం చెయ్యడమూ, నలుగురూ కలిసి నీకు చేయించడమూ ఒకటేనా?"

అతని మొహం మాడిపోయింది. పోనీ అని విడమరిచి చెప్పాను. ఈ నీలిదానికి రెండు గోడలు, మధ్యలో ఏమీ లేని ఖాళీ. లోపలి వేడిని బయటికి రానివ్వని ఆ ఖాళీ, బయటి మంటని లోపలికి మాత్రం ఎందుకు రానిస్తుంది? నిప్పుల మీద పెడితే బయటి గోడ కాలుతుంది, మధ్యలో చిక్కుకున్న కాస్త గాలీ ఉబ్బుతుంది, చివరికి పగులుతుంది. లోపల నీళ్ళు మాత్రం హాయిగా చల్లగా ఉంటాయి. నాకు కావలసింది ఒకే గోడ ఉన్న స్టీలు బాటిల్. రంగు ఉండకూడదు, మూతి దగ్గర ప్లాస్టిక్ ఉండకూడదు, మూత పూర్తిగా ఊడి రావాలి.

"అలాంటివి ఎవరూ కొనరమ్మా" అంటూనే వెతికాడు. అన్నిటికంటే కింది అరలో, దుమ్ములో, ఒకటి దొరికింది. తెల్ల స్టీలుది, బోసిగా ఉంది. నీళ్ళు పోశాను, చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. "అబ్బా" అన్నాను. "ఇదే ఇవ్వు" అన్నాను.

ఆ బాటిల్ మా తమ్ముడి కోసం. వాడు బస్సు కండక్టరు. వాడి ఒంట్లో పనిచేస్తున్న ఒకే ఒక్క కిడ్నీ నాది. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. వాడి రెండు కిడ్నీలూ చేతులెత్తేసినప్పుడు ఇచ్చిందీ నేనే. ఎవరూ బతిమాలలేదు, నేనూ బేరమాడలేదు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు. "మందులు ఒక్క పూట కూడా మానకూడదు. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప ఇంకేవీ తాగకూడదు. నీళ్ళు తేడా చేస్తే కిడ్నీకి నీళ్ళొదులుకోవాల్సిందే."

అప్పట్నుంచి వాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పొద్దున ఫోన్ చేస్తే బాగున్నావా అని కాదు, "నీళ్ళు కాచావా?" అని అడిగేదాన్ని. డిపోలో నాకు పేరే పెట్టేశారు, కాచిన నీళ్ళక్క అని. పచ్చడి జాడీ వైపు వాడి చెయ్యి వెళితే, "ఒరేయ్, అది నాది, జాగ్రత్త" అనేదాన్ని. పచ్చడి గురించి కాదని అందరికీ తెలుసు. మొదట్లో పగలబడి నవ్వేవాడు. తర్వాత్తర్వాత చిన్నగా నవ్వేవాడు. ఆ తర్వాత చెయ్యి వెనక్కి తీసుకునేవాడు, అంతే.

వాళ్ళింటికి ఎవరొచ్చినా మా మరదలు నన్ను పరిచయం చేసే తీరు ఒకటే. "ఈవిడ మా వదిన, ఆయనకి కిడ్నీ ఇచ్చిన అక్క." వచ్చినవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. మంచి కుర్చీ నాకు, మొదటి కాఫీ నాకు. మా తమ్ముడు తలుపు దగ్గర, తన ఇంట్లో తనే చుట్టంలా నిలబడేవాడు. నాకేం, బాగానే ఉండేది. ఎందుకు ఉండకూడదు? కుట్టుమిషను మీద వంగినప్పుడల్లా కలుక్కుమనేది నా నడుమే కదా.

వానాకాలం వస్తే వాడి రూటులో రోడ్లు తెగుతాయి. బస్సు ఎక్కడ ఆగిపోతుందో, నీళ్ళు ఎక్కడ అయిపోతాయో తెలియదు. దొరికిన నీళ్ళు అక్కడికక్కడే నిప్పుల మీద కాచుకోవాలి. గిన్నె వెంట తీసుకుపొమ్మంటే కండక్టరు వినడు. బాటిలైతే సంచిలో ఉంటుంది. అందుకే ఆ వేట.

కొన్న రోజే తీసుకెళ్ళి ఇచ్చాను. మరదలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏంటి వదినా, చెంబుకి మూత పెట్టినట్టుంది" అంది. మా తమ్ముడు అందులో వేడి నీళ్ళు పోసి, పట్టుకుని, టక్కున వదిలేశాడు.

"అచ్చం నీలాగే ఉందక్కా. పట్టుకుంటే కాలుతుంది."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. తర్వాత చెప్పవలసినదంతా చెప్పాను. ముందు మూత తియ్యి. మూత పెట్టి కాస్తే పేలుతుంది. నిప్పుల్లో నిలబెట్టు. బుడగలు రాగానే దించెయ్యకు, కాసేపు తెర్లనివ్వు. గుడ్డతో పట్టుకుని దించు. వాడు ఫోన్ చూసుకుంటూ "ఊ" అన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ "ఊ" అన్నాడు.

మా టైలరింగ్ కొట్లో మిగిలిన ఖాకీ ముక్కతో దానికి ఒక తొడుగు కుట్టిచ్చాను, తాడుతో సహా. కొన్నాళ్ళకి మరదలు ఆ తొడుగు పట్టుకొచ్చింది. "కుట్టు విడిపోయింది వదినా, కాస్త వదులు చేసి కుట్టండి." గుడ్డ ముడుచుకుందేమో అనుకున్నాను. ఒక అంగుళం వదులు చేసి కుట్టాను. ఆ తర్వాత వాడు కనపడినప్పుడల్లా భుజాన ఆ ఖాకీ తొడుగు వేలాడుతూ ఉండేది. అది చూస్తే నా ప్రాణానికి హాయిగా ఉండేది.

తుపాను వచ్చింది. బస్సు రెండు గండ్ల మధ్య చిక్కుకుపోయింది. ముందు కల్వర్టు కొట్టుకుపోయింది, వెనక్కి తిప్పుదామంటే అటూ తెగింది. ఫోన్లు పనిచెయ్యలేదు. ఆ రెండు రోజులూ నేను ఒక్క కుట్టు కూడా తిన్నగా వెయ్యలేదు. అయినా మనసులో ఒక మూల ధైర్యం. బాటిల్ ఉంది కదా అనుకున్నాను.

పడవ వెళ్ళి అందర్నీ తీసుకొచ్చింది. మా తమ్ముణ్ణి తిన్నగా ఆసుపత్రికే తెచ్చారు. అప్పటికే వాడు వాంతులతో, విరేచనాలతో పీనుగలా ఉన్నాడు. వార్డు బయట బస్సు డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. అతని చేతిలో నా ఖాకీ తొడుగు, శుభ్రంగా మడత పెట్టి ఉంది.

"అక్కగారూ, మీవాడు మీరు చెప్పినట్టే చేశాడు" అన్నాడు.

రోడ్డు పక్కన సగం కట్టిన ఇల్లు ఒకటి ఉందట. ప్రయాణికులంతా అందులో తలదాచుకున్నారు. తెచ్చుకున్న నీళ్ళు మొదటిరోజే అయిపోయాయి. ఇక మిగిలింది ఇంటి పనికోసం తొట్టిలో నిలవ ఉంచిన నీళ్ళు, పైన నాచు. శ్లాబుకి కొట్టిన సెంట్రింగ్ చెక్కలతో మంట వేశారు. మావాడు తొడుగు విప్పి, మడత పెట్టి, బాటిల్ మూత తీశాడు. "మా అక్క చెప్పింది, మూత తియ్యకపోతే పేలుతుందని" అన్నాడట. నిప్పుల్లో నిలబెట్టాడు.

"ఎంతసేపు పెట్టాడని! పైన రంగంతా బుడగలు కట్టి ఊడిపోయింది, కంపు కొట్టింది. వేలు పెట్టి చూస్తే లోపల నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదండీ. ఇంకో రెండు చెక్కలు వేశాం. అంతే, ఢామ్మని అడుగు ఊడిపోయింది. నిప్పులు మొహాన పడ్డాయి. మంట ఆరిపోయింది, మళ్ళీ వేద్దామంటే పొడి చెక్క ఒక్కటీ మిగల్లేదు."

"రంగా?" అన్నాను. "దానికి రంగెక్కడిది?"

అతను భుజాన ఉన్న సంచిలోంచి బాటిల్ తీసి చూపించాడు. మసి కింద అక్కడక్కడా నీలం. అడుగున బయటి గోడ చీలి, పెదవిలా మెలితిరిగి ఉంది. లోపలి గోడ మాత్రం చెక్కు చెదరలేదు, తళతళలాడుతోంది. నేను ఎగాదిగా చూశాను, షాపువాడు నన్ను చూసినట్టు. అది నేనిచ్చింది కాదు.

"మర్నాడు మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోలేదండీ. రాత్రివీ పొద్దుటివీ మాత్రలు ఎలాగో వట్టిగానే మింగాడు, మధ్యాహ్నానివి గొంతులో దిగలేదు. మాత్ర మానితే అక్క చంపేస్తుంది అన్నాడు. తొట్టి దగ్గరికి వెళ్ళి దోసిలి పట్టి, ఆ నీళ్ళతోనే మింగేశాడు."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ముందు కోపమే బయటికి వచ్చింది. మరదల్ని పట్టుకుని దులిపేశాను. ఆ పిల్ల ఏడుస్తూ, "నాకు తెలియదు వదినా, ఆయనే వెళ్ళి మార్చుకొచ్చారు. వేడి నీళ్ళ బాటిల్ అని అడిగితే షాపతను ఇదిచ్చాడట. మీకు చెప్పొద్దన్నారు" అంది. వేడి నీళ్ళ బాటిల్! రెండు మాటల తేడా చెప్పడానికి ఆ షాపులో అంతసేపు నోరు నొప్పెట్టేలా వాగాను.

విరేచనాలు ఆగేసరికి కిడ్నీ కూడా ఆగిపోయింది. కొన్నాళ్ళు చూశారు, ఏవేవో ఎక్కించారు. చివరికి డాక్టరు నా మొహం చూడకుండా, ఇంక అది పనిచెయ్యదని చెప్పాడు. వాణ్ణి మళ్ళీ డయాలసిస్ మెషీనుకి తగిలించారు. పాత రోజుల్లో వాడి పక్కన గుయ్యిమని తిరిగినదానిలాంటి మెషీనే.

అందరూ బయటికి వెళ్ళాక మంచం అంచున కూర్చున్నాను. ఏమీ అనకూడదని ఒట్టు పెట్టుకునే లోపలికి వెళ్ళాను. కూర్చోగానే ఆ ఒట్టు గాలికి పోయింది.

"ఎందుకు మార్చావురా? పగిలిందా? కారిందా? చెంబులా ఉందని సిగ్గేసిందా?"

వాడు నీళ్ళు నమిలాడు. తాగే నీళ్ళు గుక్కలు లెక్కపెట్టి ఇమ్మన్నాడు డాక్టరు, ఇప్పుడు వాడికి కావలసినన్ని దొరికే నీళ్ళు అవే.

"బాగానే ఉంది. ఆ నీలిది నువ్విచ్చినదానికంటే బాగుంటుందని కూడా మార్చలేదు."

"మరి?"

మెషీను వైపు చూశాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది, నేనూ నాలుగు తిట్టేదాన్ని.

"నువ్విచ్చినవాటిలో తిరిగి ఇచ్చెయ్యడానికి వీలైంది అదొక్కటేనక్కా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏ మాట అన్నా, అది కూడా నేను వాడికి ఇచ్చినట్టే ఉంటుందనిపించింది.

అప్పుడే కొత్త నర్సు వచ్చింది. మెషీను మీద అంకెలు చూసి, నా వైపు తిరిగి, "మీరు పేషెంటుకి ఏమవుతారండీ?" అని అడిగింది. మామూలుగా అయితే ఆ ప్రశ్నకి జవాబు నేనే చెప్పేదాన్ని, లేదా మరదలు చెప్పేది. పొడుగు జవాబు. నేను నోరు తెరిచేలోపు వాడే చెప్పేశాడు.

"మా అక్క" అన్నాడు.

అంతే అన్నాడు. ఇంకేం కలపలేదు. బరువు దించుకున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. వాడి గొంతు అంత తేలిగ్గా ఉండగా విని ఎన్నాళ్ళయిందో. నర్సు తలూపి, ఆ మూల ఉన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకోమని నాకు చెప్పి వెళ్ళిపోయింది.