బడి తోట అని రాసిన చీటీ

నేను ఒక చీటీని. వేలిగోరంత ఉంటాను. నన్ను గుచ్చిన సూదికే, నా పైన, ఒక ఈగ ఉంది. విశ్వవిద్యాలయంలో ఒక చెక్కపెట్టెలో, అద్దం కింద, మా ఇద్దరి కాపురం. పెట్టె తెరిచినవాళ్లు ముందు ఈగని చూస్తారు, తర్వాత నన్ను చదువుతారు. చదివినప్పుడల్లా సిగ్గుతో ముడుచుకుపోతాను.

నేను పుట్టింది ఒక డ్రాయింగు షీటు అంచులో. కీటకాల మీద పరిశోధన చేసే హైమవతి గారు నన్నూ నా తోబుట్టువులనూ కత్తిరించి, సముద్రం ఒడ్డున ఒక ఊరి బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకి పంచారు. మనుషులు చిత్రమైనవాళ్లు. ఇంట్లో ఈగని తువ్వాలుతో తరుముతారు, బడిలో అదే ఈగని పట్టి దాని వంశం వెతుకుతారు. ఆవిడ పిల్లలకి ఒక్క సంగతి గట్టిగా చెప్పారు. పురుగు ఎక్కడ దొరికిందో, ఏ రోజు దొరికిందో, ఎవరు పట్టారో చీటీ మీద ఉండాలి. చోటు తెలియని పురుగు ఎంత అందమైనదైనా చదువుకి పనికిరాదు.

నేను నూకరత్నం వాటాకి వచ్చాను. క్లాసులో నోరు విప్పని పిల్ల. వాళ్లమ్మ పోలమ్మ ఒడ్డున చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. నూకరత్నం పుస్తకాల సంచీ దగ్గరికొస్తే పక్కపిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. అందుకని ఆ సంచీని కిటికీ అవతల తగిలించడం నేర్చుకుంది.

ఒక ఆదివారం అమ్మ ఎండేసిన నెత్తళ్ల చేపల మీద వాలిన ఈగని ఆ పిల్ల పచ్చడి సీసాలో పట్టింది. నా మీద తేదీ రాసింది, తన పేరు రాసింది. చోటు దగ్గర ఆగిపోయింది. చీటీలు రేపు క్లాసులో అందరి ముందూ చదువుతారు. చాలాసేపు కూర్చుని, చివరికి 'బడి తోట' అని రాసి, సిరా ఆరడానికి నా మీద ఊదింది. 

రెండు నెలలకి హైమవతి గారు మమ్మల్ని ఒక చిన్న డబ్బాలో పెట్టుకుని మళ్లీ వచ్చారు. మా ఈగ రెక్కలో ఒక నరం వంకర తిరిగి ఉంది, ఆవిడకి తెలిసిన ఏ జాతితోనూ కలవడం లేదు. ఒక్క ఈగతో తేల్చలేరు, మరికొన్ని కావాలి. హెడ్మాస్టరు గారు సంబరపడి, ఈగలకి ఇబ్బంది కలగకూడదని తోటకి తాళం వేయించారు. ఆవిడ మూడు రోజులు వల పట్టుకుని బంతిమొక్కల మధ్య ఎండలో తిరిగారు. ఒక్కటీ దొరకలేదు. చీటీని నమ్మలేకపోతున్నాననీ, ఇక ఈ ఈగని పక్కన పెట్టెయ్యాలనీ అన్నారు.

అప్పుడొచ్చింది నూకరత్నం. ఆవిడ చెప్పుల వైపు చూస్తూ, "అది మా చేపల మీద దొరికింది మేడం" అంది.

ఆవిడ తిట్టలేదు. నేరుగా ఒడ్డుకి నడిచారు. గంటలో అదే వంకర నరం ఉన్న ఈగలు పదకొండు దొరికాయి. పోలమ్మకి ఇదంతా ఏమిటో అర్థం కాలేదు. చదువు రాదు కాబట్టి నన్ను చూపించి, అందులో ఏముందో చదవమని కూతుర్నే అడిగింది. ఆ పిల్ల చదివింది. పోలమ్మ చేపలు తిరగేస్తూనే అంది.

"మన కాడ పట్టిందానికి బడి పేరెట్టినావేటే? ఈగకి లేని సిగ్గు నీకెందుకొచ్చినాదే?"

నూకరత్నం వెళ్లి అమ్మ పక్కన కూర్చుని తనూ చేపలు తిరగేసింది.

నన్ను చింపెయ్యమని హైమవతి గారిని బతిమాలింది. నేనూ అదే కోరుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. సూదికి ఒకసారి గుచ్చిన చీటీని తప్పయినా తియ్యకూడదట. దిద్దుబాటు దాని కింద ఇంకో చీటీగా చేరాలట. ఆ రెండో చీటీ కూడా నూకరత్నం చేతే రాయించారు. 'పోలమ్మ చేపలు ఎండేసే చోటు, సముద్రం ఒడ్డు.' వేలిగోరంత కాగితంలో అదంతా పట్టడానికి అక్షరాలు చీమ కాళ్లంత చెయ్యాల్సి వచ్చింది.

అలా నేనిక్కడ ఉండిపోయాను. నా అబద్ధం పెద్ద అక్షరాల్లో ఉంది, ఎవరైనా మామూలు కళ్లతో చదివేస్తారు. పోలమ్మ పేరు చదవాలంటే మాత్రం ఎంతటివాళ్లయినా భూతద్దం తీసి, తల బాగా వంచాల్సిందే.