మేకు ముడికీ లూపుకీ మధ్య ప్లైవుడ్

చేపలు పట్టే సామాను అమ్మే ఆ కొట్టులో బల్ల ఒకటే. ఎడమ చివర అక్క కూర్చుంటుంది, కుడి చివర తమ్ముడు కూర్చుంటాడు. ఇద్దరికీ అరవై దాటాయి. బల్ల మధ్య భాగం ఎవరిదీ కాదు. అక్కడ దుమ్ము పడితే దాన్ని ఎవరు తుడవాలన్నది ఇంతవరకూ తేలలేదు.

తగువు దేని మీదో చెబితే నవ్వొస్తుంది. ఈకలతో, వెంట్రుకలతో ఈగలాంటిదాన్ని కట్టి, నీటి మీదికి విసిరి, చేపని మోసం చేయడమనే పెద్దమనుషుల వినోదం ఒకటుంది. ఈగకి బరువుండదు కాబట్టి విసరడానికి కావలసిన బరువంతా దాన్ని మోసే లైనులో ఉంటుంది. అది ప్లాస్టిక్ పూత వేసిన లావుపాటి తాడు. దాన్ని చూస్తే ఎంత బుద్ధిలేని చేపైనా పక్కకి తప్పుకుంటుంది. అందుకని లైను కొసకి లీడర్ అని కంటికి ఆనని సన్నటి దారం కలిపి, ఈగని దానికి కడతారు. ఆ లైనూ ఈ లీడరూ కలిసే చోటు గోరంత ఉంటుంది. వీళ్ళ కోపతాపాలన్నీ ఆ గోరంత చోట్లోనే కాపురం పెట్టాయి.

అక్కది మేకు ముడి. లైను పక్కన సన్నటి మేకు ఆనించి, రెంటినీ కలిపి లీడర్‌తో చుట్లు చుట్టి, కొసని చుట్ల కిందనుంచి పోనిచ్చి, మేకు లాగేసి బిగిస్తుంది. దారం పూతలోకి దిగబడి పట్టుకుంటుంది. అది చాలదన్నట్టు పైన వార్నిష్ పూస్తుంది. అది ఆరాక మళ్ళీ పూస్తుంది. "ఇక ఇది విడదు" అని ఎంత నిబ్బరంగా అంటుందంటే, పెళ్ళిళ్ళు చేయించేవాళ్ళు కూడా అంత ధైర్యంగా అనలేరు.

విడిపోవడమంటే ఆవిడకి చచ్చేంత భయం. బస్సెక్కిన వాళ్ళకి చెయ్యి ఊపదు, ఊపితే వెళ్ళిపోవడం ఖాయమైపోతుందని. కొట్టుకొచ్చినవాళ్ళు పోతూ పోతూ "వస్తానమ్మా" అంటే, మర్యాదకి అన్నారని తెలిసి కూడా "ఎప్పుడు?" అని అడుగుతుంది. జతలో ఒకటి పోయి మిగిలిన చేతి తొడుగులు బల్ల కింద ఓ అట్టపెట్టె నిండా దాచింది. రెండోవి ఏదో ఒకనాటికి వెతుక్కుంటూ వస్తాయని ఆశ.

తమ్ముడిది లూపు. బోలుగా అల్లిన దారపు తొడుగుని లైను కొసకి మేజోడులా ఎక్కించి, చుక్క జిగురు వేస్తాడు. ఆ తొడుగు చివర చిన్న లూపు ఉంటుంది, లీడర్ చివర ఇంకో లూపు. ఒకదాన్లోంచి ఒకటి దూర్చి లాగితే రెండూ చేతులు కలిపినట్టు కూర్చుంటాయి. అక్కర్లేనప్పుడు విప్పేసుకోవచ్చు. ఆ "విప్పేసుకోవచ్చు" దగ్గరే అక్కకి ఒళ్ళు మండుతుంది.

"నీ ముడి తీయాలంటే కత్తెర పట్టాలక్కా. లీడర్ మార్చినప్పుడల్లా లైను కాస్త కాస్త కొరికేస్తావు. ఇలాగే పోతే జడ్జిగారికి చివరికి రీలు ఒక్కటే మిగులుతుంది" అంటాడు తమ్ముడు.

"నీ లూపు తీయడానికి కత్తెర కూడా దండగేరా. చేప ఒకసారి తల విదిలిస్తే చాలు" అంటుంది అక్క.

ఈ జడ్జిగారు రిటైరైన మనిషి. ఒకప్పుడు ఎందరికో శిక్షలు వేశారట గానీ ఈ కొట్టులో మాత్రం ఏ చివర నిలబడాలో తేల్చుకోలేక, ఆ దుమ్ము పట్టిన మధ్య భాగం దగ్గరే నిలబడేవారు. వంతెన కింద ఓ ముసలి చేప ఉంది. ఊరంతా దాన్ని తాతయ్య అంటారు. దాన్ని ఒక్కసారి ఒడ్డుకి తెచ్చి, ముఖాముఖి చూసి, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలన్నది జడ్జిగారి జీవితాశయం. మనుషులకి బెయిలివ్వడానికి చేతులు రాని మనిషికి చేప మీద ఎంత దయో చూడండి.

ఆ సోమవారం ఆయన కొట్టులోకి వచ్చి గాలం రాడ్డుని బల్ల మీద పెట్టారు.

"తాతయ్య పడింది. పది నిమిషాలు నాతోనే ఉంది. తర్వాత లీడరూ ఈగా పట్టుకుని వెళ్ళిపోయింది."

లైను కొస బోసిగా ఉంది. తమ్ముడు దాన్ని చూశాడో లేదో, గంతేసి లేచాడు.

"ముడి జారింది! నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఇది అక్క కట్టిన లైను. అడగండి, కాదనమనండి."

అక్క కాదనలేదు. అలాగని ఔననలేదు. తమ్ముడు మాత్రం ఆగలేదు. ఆవిడ వల్ల కొట్టు పరువు నదిలో కలిసిందన్నాడు. ఇక ఒకే బల్ల మీద ఇద్దరూ కుదరదన్నాడు. రేపే వడ్రంగిని పిలిచి మధ్యకి ప్లైవుడ్ అడ్డం కట్టిస్తానన్నాడు. "ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి బోర్డు వాళ్ళది. నీ ముడులు నువ్వు అమ్ముకో, నా లూపులు నేను అమ్ముకుంటా."

జడ్జిగారు చేసేదేం లేక లైను అక్క చేతిలో పెట్టి, "సీజను ఈ ఆదివారంతో సరి" అని గొణిగి బయటపడ్డారు.

అక్క ఎందుకు నోరు విప్పలేదంటే, జరిగింది ఆవిడకి తెలుసు కాబట్టి. జడ్జిగారి లైనుకి ముడి వేసింది ఆవిడే. కిందటి వారం, అది వేసిన రోజు మధ్యాహ్నమే, పన్ను డాక్టరుకి చూపించుకుని తిరిగొచ్చేసరికి ఆ ముడి లేదు. దాని చోట తమ్ముడి లూపు బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. వెనక నుంచి వచ్చి మరీ దిద్దాడు, జడ్జిగారి మీద జాలితో! ఆవిడకీ జాలి ఏం తక్కువ కాదు. మర్నాడు తమ్ముడు రాకముందే ఆ తొడుగు పీకేసింది. జిగురు అంటిన కొసని కత్తిరించాలి నిజానికి. కానీ లైను కొరికేస్తావని వాడు అన్న మాట గుర్తొచ్చి, కత్తెర పక్కన పెట్టి, గుడ్డతో ఓసారి తుడిచి అక్కడే మళ్ళీ ముడి వేసింది. వార్నిష్ రెండుసార్లు పూసింది. ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. వాడు చెప్పాడా ఏమిటి?

ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే కొస అద్దంలా మెరుస్తోంది. దాని మీద సన్నటి గీతలు. జిగురు గట్టిపడిన పూతలోకి ముడి దిగబడలేక, నున్నగా జారిపోయింది. చెబితే జన్మంతా వాడి ముందు తలెత్తుకోలేదు. చెప్పకపోతే మధ్యలో గోడ లేస్తుంది. గోడ అవతలివాడు రేపు వీధి అవతలికి పోతాడు, ఆ మర్నాడు ఊరు అవతలికి. ఆవిడ ఆలోచన ఎప్పుడూ ఇంతే. ఎవరైనా ఒక గుమ్మం దాటితే చాలు, ఆవిడ మనసు వాళ్ళని ఓడెక్కించేసి వస్తుంది.

మంగళవారం పొద్దున్నే వడ్రంగి టేపు పట్టుకుని దిగాడు. వెనకే మరదలు, ఆస్పత్రి డ్యూటీకి పోతూ తొంగి చూసింది. తమ్ముడు వీధిలో ప్లైవుడ్ దింపిస్తున్నాడు.

"నిన్న కొట్టులో ఏం జరిగింది వదినా?" అని గొంతు తగ్గించి అడిగింది. "మీ తమ్ముడు రాత్రంతా కన్ను మూస్తే ఒట్టు. 'నా లూపు ఊడింది, జడ్జిగారి చేప నా వల్లే పోయింది' అని ఒకటే గొణుగుడు. తిండి కూడా సరిగ్గా తినలేదు."

"'నా లూపు' అన్నాడా?" అంది అక్క.

"అవును, లూపే. నాకేం తెలుసు, మీ భాష మీది" అని మరదలు గడియారం చూసుకుని వెళ్ళిపోయింది.

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. అంటే ఆ గాడిదకి తన లూపే ఊడిందని నమ్మకం. నమ్మకం ఉండి కూడా నిన్న జడ్జిగారి ముందు గంతులేసి నెపం ముడి మీద పెట్టాడు! ఆవిడకి ముందు ఒళ్ళు మండింది. తర్వాత, వాడు రాత్రి తిండి తినలేదన్న మాట గుర్తొచ్చింది. తర్వాత మళ్ళీ మండింది.

ప్లైవుడ్ లోపలికి వచ్చింది, దాని వెనక తమ్ముడు.

"ఒరేయ్, అది కింద పెట్టి ఇలా రా."

"మాటలేం లేవు. కొలతలు అయిపోయాయి."

"ఆ లైను మీద ఉన్నది నీ లూపు కాదురా. నేను పీకేశాను."

తమ్ముడు ప్లైవుడ్ ఓ చివర వదిలేశాడు. అది వడ్రంగి కాలి మీద పడింది. వాడి కేక ఎవరూ పట్టించుకోలేదు.

"పీకేశావా? ఎప్పుడు?"

"నువ్వు పెట్టిన మర్నాడు. పీకి మళ్ళీ ముడి వేశాను."

"అయితే ఊడింది నా లూపు కాదా?" తమ్ముడి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "నా లూపు కాదు! నేను రాత్రంతా చచ్చాను కదే!" అని గభాలున కుర్చీలో కూలబడ్డాడు. ఆ సంతోషం రెండు క్షణాలు నిలిచింది. "ఆగాగు. నా లూపు పీకడానికి నువ్వెవరు?"

"నా ముడి కోయడానికి నువ్వెవరు?"

"నేను బాగు చేశాను!"

"నేనూ అదే చేశాను. నీ జిగురు మీద నా ముడి ఎలా నిలుస్తుందిరా? ఇదిగో, భూతద్దం. చూసి చావు."

"జిగురని తెలిసి కొస కత్తిరించలేదేం?"

"కొరికేస్తావు, కొరికేస్తావు అని చెవిలో ఇల్లు కట్టుకుని అరిచింది ఎవరు?"

వడ్రంగి కాలు పట్టుకుని అడిగాడు, "అక్కయ్యగారూ, గోడ కట్టాలా, వద్దా?"

"కట్టు" అన్నాడు తమ్ముడు. అనేసిన మాట, దాన్ని వెనక్కి తీసుకునే మొగతనం ఆ వంశంలో లేదు. కానీ అన్నాక ప్లైవుడ్ వైపు చూడలేదు, భూతద్దంలోంచి కొసనే చూస్తున్నాడు. "ఆదివారానికి జడ్జిగారికి ఏం ఇస్తాం?"

"ఇస్తాం" అన్న మాట అక్క చెవిన పడింది. పైకి తేలనివ్వకుండా దాన్ని జాగ్రత్త చేసుకుని కత్తెర తీసింది. జిగురున్న కొసని, ఈసారి గుండె రాయి చేసుకుని, రెండు అంగుళాలు కోసేసింది. దళసరి దారం జానెడు ముక్క తీసి లైనుకి మేకు ముడితో కట్టింది. వార్నిష్ పూసింది. "ఇది ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. దీన్నెవరూ కొయ్యరు. దీని అవతలి కొసకి నీ పిచ్చి లూపేదో వేసుకో, లీడర్లు దానికి తగిలించుకోండి, విప్పుకోండి, ఊరేగించుకోండి, నాకనవసరం."

తమ్ముడు ఆ కొస అందుకుని లూపు వేశాడు. ఇద్దరూ చెరో చివర పట్టుకుని లాగి చూశారు. లాగడంలో మాత్రం ఎవరూ జాలి చూపించలేదు. అది కదలలేదు.

ఆదివారం జడ్జిగారు పొద్దుగూకేదాకా వంతెన కింద నిలబడ్డారు. తాతయ్య బయటికి రాలేదు. ఆ వయసులో అంత ప్రయాసపడ్డాక వారం తిరక్కుండా మళ్ళీ ఎవరొస్తారు? అయినా జడ్జిగారు కొట్టుకొచ్చి, "కలిపిన చోటు మాత్రం అమోఘం" అన్నారు, రెండు చివరలకీ సమానంగా తల తిప్పుతూ. ఇప్పుడాయనకి మధ్యలో నిలబడే అవకాశం లేదు. ప్లైవుడ్ వచ్చేసింది కదా.

ఔను, గోడ లేచింది. కోసిన చెక్క వెనక్కి తీసుకోరు, అన్న మాటా వెనక్కి తీసుకోరు. కాకపోతే బల్ల ఎత్తులో చెయ్యి పట్టేంత కంత పెట్టించారు. లైను ఎడమవైపు ముడి వేయించుకుని, కంతలోంచి కుడివైపుకి పోయి లూపు వేయించుకోవాలి. గోడ లేనప్పుడు ఇద్దరూ రోజుకి నాలుగు మాటలు అనుకునేవారు. ఇప్పుడు ఆ కంతలోంచి పొద్దస్తమానం తిట్లు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి.

"వార్నిష్ ఆరకుండా తోశావేం, నా వేలికి అంటింది!"

"నీ వేలికైనా ఏదో ఒకటి అంటుకోనీలే!"

సాయంత్రం తమ్ముడు అటువైపు షట్టర్ దించేముందు కంత దగ్గరికి వంగాడు.

"వస్తానక్కా."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. ఎక్కడికి పోతాను, నా లూపులన్నీ నీ ముడుల చివరే ఏడుస్తుంటే?"

"అందులో సగం ఊడేవే" అంది అక్క.

వాడి చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆ రోజు వాడు చివరగా ఇటు తోసిన లైను తీసింది. కొస చేతికి చుట్టుకుని, వేళ్ళు ఎర్రబడేలా మూడుసార్లు లాగింది. లూపు చెక్కుచెదరలేదు. ఆ సంగతి వాడికి చెప్పే ఉద్దేశం ఆవిడకి బొత్తిగా లేదు.