రాయించని ఇల్లు

నోట్లో నాలుక లేనిదాన్ని కాదు నేను. మా బోధన్‌లో బీడీలు తీసుకునే టేకేదారు పది బీడీలు బాగాలేవని పారేస్తే చాట పక్కన పెట్టి పోట్లాడతాను. చర్చిలో పాస్టరమ్మకైనా సరే ఉన్నమాట మొహం మీదే చెబుతాను. అలాంటి నేను, ఒక్క ఇంటి సంగతి చెప్పాల్సిన చోట నోరు కుట్టేసుకున్నాను.

ఎండాకాలంలో దగ్గు మొదలైంది. బీడీలు చేసేవాళ్లకు దగ్గు కొత్తా? తంబాకు దుమ్ము అన్నారందరూ, నేనూ అదే అనుకున్నాను. పన్నెండేళ్లుగా హమీదా ఆపా ఇంటి ముందుగదిలో ఐదుగురం కూర్చుని బీడీలు చేస్తున్నాం. ఫ్యాను వేయం. వేస్తే తంబాకు లేస్తుంది, తడిపిన తునికాకు ఎండి విరుగుతుంది. అందుకే కిటికీ కూడా మూసేస్తాం. ఆపా మనవరాలు నిషాత్‌కు నాలుగేళ్లు. మధ్యాహ్నం నిద్రొస్తే దానికి నా ఒడే కావాలి. చాట జరిపి పడుకోబెట్టుకునేదాన్ని. దాని మొహం మీదే దగ్గేదాన్ని. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నెల దాటినా తగ్గకపోతే మా ఆయన దేవదాస్ తీసుకెళ్లి తెమడ పరీక్ష చేయించాడు. టీబీ అన్నారు. మూడో రోజే ఆరోగ్య కార్యకర్త లత కాగితం పట్టుకుని ఇంటికి వచ్చింది.

"అక్కా, ఈ మూడు నెలలల్ల ఎవరెవరితోని ఎక్కువసేపు కూసున్నవో చెప్పు. అందరికి పరీక్ష చేస్తం. రోగం ఉన్నోళ్లకు మందులు మొదలుపెడ్తం. చిన్నపిల్లలుంటే రాకముందుకే గోలీలిస్తం. ఒక్కరు తప్పిపోయిండ్రనుకో, ఆడికెళ్లి మళ్ల నలుగురికి పోతది."

"నా పేరు చెప్తవా ఆళ్లకు?"

"చెప్ప. నువ్వు చెప్పుమంటెనే చెప్త."

ఆమె చెప్పకపోతే మాత్రం ఆపాకు తెలియదా? రోజూ వచ్చేది నేనేనాయె, ఇప్పుడు రానిదీ నేనేనాయె. మా ఆయన పేరు, అత్త ఎల్లవ్వ పేరు, బుధవారం ప్రార్థన కూటానికి కలిసే మా మెథడిస్టు ఇళ్లన్నీ రాయించాను. వాళ్లు నాకోసం మోకాళ్ల మీద పడతారే తప్ప వెలివేయరు.

"బీడీలు యాడ జేస్తవక్కా?" అంది లత.

"ఇంట్లనే," అన్నాను.

టీబీ అని తెలిస్తే టేకేదారు గది మొత్తానికీ ఆకు, తంబాకు ఇవ్వడం బంద్ పెడతాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. ఆపా నన్ను మళ్లీ గడప తొక్కనివ్వదేమోనన్నది అసలు భయం. ఆ గది లేకపోతే నాకు పొద్దు గడవదు. కోటగిరిలో నా చెల్లెలికి పాణం బాగాలేదని, చూసుకోవడానికి పోతున్నానని ఆపాకు ఫోన్ చేసి అబద్ధం చెప్పాను.

మందులకు దగ్గు తగ్గింది. కూటంలో ఒకామెకు పరీక్షలో బయటపడింది, వెంటనే మందులు మొదలుపెట్టారు. ఆమె ఇంట్లో పసివాడికి ముందుజాగ్రత్త గోలీలిచ్చారు. లతను దేవుడే పంపాడని అందరూ ప్రార్థించారు. నేనూ సిగ్గులేకుండా ఆమెన్ అన్నాను.

రెండు నెలల తర్వాత, ఇక నావల్ల ఎవరికీ రాదని లత చెప్పాక, పొద్దున్నే ఆపా ఇంటికి వెళ్లాను. మిగతా ముగ్గురూ ఇంకా రాలేదు. నా మూలలో నా పీట అలాగే ఉంది. నిషాత్ పరిగెత్తుకు రాలేదు. మంచం మీద పడుకుని నన్ను చూసి నవ్వింది. చేతులు పుల్లల్లా అయ్యాయి.

"నెలన్నర సంది జెరం," అంది ఆపా, ఆకు కత్తిరిస్తూ. "నిజామాబాద్‌ల సూపెట్టినం. ఇంట్ల గాని, వచ్చిపోయేటోళ్లల్ల గాని ఎవరికన్నా టీబీ ఉన్నదా అని డాక్టర్ అడిగిండు. ఖుదా ఖసం, ఎవరికి లేదని చెప్పిన."

చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అంటారు. ఇక్కడ చేసింది నేను, మంచాన పడ్డది పసిపిల్ల.

నిషాత్ ఎత్తుకొమ్మని చేతులు చాచింది. నాకు చేతులు రాలేదు.

"ఆపా, నాకున్నది," అన్నాను. "టీబీ. నేను కోటగిరికి పోలే."

కత్తెర ఆగింది.

"ఎవరికి చెప్పినవ్?"

"మా చర్చోళ్లకు. అందరికి పరీక్షలైనయి."

"అంటే నీవోళ్లను కాపాడుకున్నవ్." తిట్టినా, కొట్టినా పడేదాన్ని. ఆపా గొంతు పెంచలేదు. "నీ చెల్లె మంచిగ కావాలని రోజు నమాజ్‌ల దువా చేసిన, లిడియా."

ఏడుస్తూనే లతకు ఫోన్ చేశాను. గంటలో వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. పిల్ల కళ్లు, గోళ్లు చూసి, "రేపు గాదు, ఇయ్యాల్నే దవాఖానకు పోదాం. మందులున్నయి, నయమైతది," అంది. ఆటో పిలిచి, అదే కాగితం మళ్లీ తీసింది. నేను పేర్లు చెప్పాను. మొదటి పేరు నిషాత్‌ది.

"రోజుకు ఎంతసేపు కూసుంటుండ్రి అక్కా, అందరు కలిసి?"

ఆపా నిషాత్‌ను భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"పొద్దున సంది మాపటిదాక. పన్నెండేండ్లు. రాస్కో."