అంకెలు అటువైపు

నేను ఒక గట్టింగ్ మెషీన్ని. బ్యాడ్మింటన్ రాకెట్లకు తీగలు బిగించడమే నా పని. రాకెట్‌ను పట్టుకునే రెండు దవడలు, పక్కన పొడుగాటి ఇనుప కడ్డీ, దాని మీద అటూ ఇటూ జరిగే బరువు, ఇంతే నా ఒళ్ళు. కడ్డీ మీద పద్దెనిమిది నుంచి ముప్ఫై దాకా పౌండ్ల అంకెలున్నాయి. బరువును ఏ అంకె దగ్గర నిలిపితే అంత బిగువుగా లాగుతాను. ఒక్క పిసరు ఎక్కువా లాగను, తక్కువా లాగను. అబద్ధమాడటం నాకు చేతకాదు. ఆ పనికి మనుషులున్నారుగా!

సముద్రం దాటి చెక్కపెట్టెలో చెన్నై వచ్చాను. అక్కడి క్లబ్బువాళ్ళు కొన్నాళ్ళకు కరెంటు మెషీన్ కొనుక్కుని నన్ను మూల పడేశారు. నరసరావుపేట సైదులు నన్ను బస్సు టాపు మీద వేసుకుని తెచ్చుకున్నాడు. స్టేడియం ఎదురుగా ఉన్న తన ఇరుకు కొట్లో బల్లకు బోల్టులతో బిగించాడు. అంకెలు ఆయన వైపు పడ్డాయి, నా వీపు వచ్చేపోయేవాళ్ళ వైపు పడింది. అందులో అప్పటికి ఏ దురుద్దేశమూ లేదు.

సైదులు పనిమంతుడు. ఎవరొచ్చినా ముందు వాళ్ళ మణికట్టు నొక్కి చూసేవాడు. బలం తక్కువైతే బిగువు తగ్గించాలి, అప్పుడు షటిల్‌ని తీగే ఎగరేస్తుంది. బిగువు పెంచితే ఆ పని భుజం చేయాలి. లావు తీగ ఎక్కువ రోజులు వస్తుంది. సన్నతీగ టింగుమని మోగి త్వరగా తెగుతుంది. ఈ నాలుగు ముక్కలూ చెబితే వినే తండ్రి ఒక్కడు కనబడితే ఒట్టు! టీవీలో ఛాంపియన్ ముప్ఫై పెట్టిస్తాడట, కాబట్టి పదేళ్ళ పిల్లకీ ముప్ఫై కావాలి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు.

అలా వచ్చినవాడే ఆర్టీసీ డ్రైవర్ వీరాంజనేయులు. వెంట పన్నెండేళ్ళ కూతురు లిఖిత. సైదులు ఆ పిల్ల మణికట్టు నొక్కి, "ఇరవై మూడు చాలు డ్రైవర్ గారూ" అన్నాడు.

"ఏందయ్యా, ఇరవై మూడేంది? మా పిల్ల ఆడేది గెలిచేదానికి. ఇరవై ఎనిమిది పెట్టు. నీకు చేతగాకపోతే చెప్పు, గుంటూరు పోతాం."

"అట్నే లెండి" అని సైదులు బరువును ఇరవై మూడు దగ్గరే నిలిపాడు. పైగా సన్నతీగ ఎంచాడు, అది తక్కువ బిగువులోనూ ఖంగుమంటుంది కాబట్టి. వీరాంజనేయులు గోటితో మీటి చూసి, "అదీ ఇరవై ఎనిమిదంటే!" అని మురిసిపోయాడు. సైదులు పిడి మీద 28 అని చీటీ అంటించి ఇచ్చాడు. వాళ్ళు వెళ్ళాక నన్ను తుడుస్తూ, "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. పిల్ల భుజం కోసం ఒకటి ఆడలేనా?" అని గొణిగాడు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకూ ముచ్చటేసింది.

నాలుగేళ్ళు ఇదే సాగింది. లిఖిత ఎదిగింది కదా అని ఒక పౌండు పెంచి ఇరవై నాలుగు చేశాడు. చీటీ మాత్రం మారలేదు. పిల్ల జిల్లాలో గెలిచి రాష్ట్ర క్యాంపుకు ఎంపికైంది. వెళ్ళే ముందు లడ్డూలు తెచ్చి ఒకటి నా ముందు కూడా పెట్టింది, పిచ్చితల్లి. "బాబాయ్, నా ఇరవై ఎనిమిది నీ చేతి చలవే" అంది. కనీసం అప్పుడైనా చెప్పాల్సింది. సైదులు నోరు తెరిచి, పక్కనున్న తండ్రిని చూసి మూసుకున్నాడు.

ఏడు నెలలకు తిరిగొచ్చింది. కుడి భుజానికి నీలం పట్టీ ఉంది. తండ్రి కొట్టు ముందే అందుకున్నాడు.

"నువ్వే చెప్పు సైదులూ! అదే తీగ, అదే ఇరవై ఎనిమిది. ఇక్కడ ఎగిరిన షటిల్ అక్కడెందుకు ఎగరదు? బద్ధకం. నొప్పనేది సాకు."

"నిజమే బాబాయ్" అంది లిఖిత తల దించుకుని. "క్యాంపులో తీగ తెగితే, ఎంత వాడతావంటే ఇరవై ఎనిమిదన్నా. వాళ్ళు అంతే పెట్టిచ్చారు. షటిల్ వెనక గీత దాకా పోలా. నాలోనే పస తగ్గిందనుకుని ఇంకా గట్టిగా కొట్టా. రోజూ ఇంకా గట్టిగా కొట్టా. ఇప్పుడు చెయ్యి పైకి లేవట్లా. ఇక ఆడొద్దన్నాడు డాక్టరు."

సైదులు నా కడ్డీ మీంచి చెయ్యి తీశాడు.

"పిల్లననమాకండి డ్రైవర్ గారూ. నేనెప్పుడూ ఇరవై నాలుగు దాటలా. మీరు గుంటూరు పోతారని... నేనే అబద్ధం చెప్పా."

వీరాంజనేయులు కూతురి చేతిలోని రాకెట్ తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. లిఖిత సైదులు వైపు తిరిగింది.

"అయితే నాకు చేతగాక కాదా బాబాయ్?"

"కాదు తల్లీ."

అప్పుడు ఏడ్చింది. భుజం పోయినందుకు కాదనుకుంటాను, ఏడు నెలలు తనని తాను తిట్టుకున్నందుకు. "నాతోనన్నా చెప్పబళ్ళా? నాన్నని నేను ఒప్పిచ్చుకునేదాన్ని" అంది. తండ్రి రాకెట్ ఒళ్ళో పెట్టుకుని పిడి మీది చీటీని గోటితో గీకుతూ కూర్చున్నాడు. జిగురు పాతదై, అది ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మర్నాడు సైదులు నా బోల్టులు విప్పి నన్ను ఇటు తిప్పాడు. ఇప్పుడు అంకెలు వచ్చినవాళ్ళకు కనిపిస్తాయి, ఆయనే అంకెలు చూడ్డానికి నడుం వంచి అవస్థపడుతూ లాగుతాడు. ఇరవై మూడు చూసి మొహం చిట్లించి గుంటూరు పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. ఆయన వెనక్కి పిలవడు. లిఖిత మాత్రం మళ్ళీ కొట్టుకు రాలేదు. ఆ రాకెట్ కూడా రాలేదు.

నన్ను తిప్పడానికి పట్టింది పావుగంట. ఆ నాలుగేళ్ళలో ఆ పావుగంట ఏ రోజైనా దొరికేదే.