రొట్టెగుంటలో పుట్టింది

మా ఐస్‌లాండ్‌లో పొయ్యి లేకపోయినా రొట్టె కాలుతుంది. మా సరస్సు ఒడ్డున ఇసుక కింద నీళ్లు కుతకుతలాడుతుంటాయి. రై అనే ధాన్యం పిండి కలిపి కుండలో పెట్టి, మూత బిగించి, ఇసుకలో పాతి, పైన రాళ్లు పేరుస్తాం. మర్నాటికి నల్లటి తియ్యటి రొట్టె తయారు. ఒకరు రాళ్లు పేర్చిన గుంటను ఇంకొకరు ముట్టరు. మా ఊళ్లో పక్కవాడి గొర్రెను కోసుకు తిన్నవాణ్ణయినా క్షమిస్తారు గానీ, పక్కవాడి గుంట తవ్వినవాణ్ణి క్షమించరు. అలా తవ్విన ఒకాయన చచ్చిపోతే, మా నాన్న ఆయన శవపేటిక వంక చూడకుండా, మొహం పక్కకు తిప్పుకునే శ్మశానం దాకా నడిచాడు.

మా అక్క రన్‌వేగ్ గుంట నేను తవ్వలేకపోవడానికి కారణం అదే. తవ్వి ఆ కుండను అవతల పారేస్తే ఆమె ఇంటికి వచ్చేసేది.

మా బావ బార్దుర్ చేపల వేటకు సముద్రం మీదికి వెళ్లాడు. పడవ రాలేదు, మనిషీ రాలేదు. కెరటాలు తోసుకొచ్చిన ఉన్ని చేతితొడుగు ఒక్కటే వచ్చింది, అక్క అల్లిందే. మా జాలర్ల తొడుగుకు అటొకటి ఇటొకటి రెండు బొటనవేళ్లుంటాయి. తాళ్లు లాగి ఒకవైపు అరిగిపోతే తిప్పి తొడుక్కుంటారు. ఉప్పునీటికి అట్ట కట్టిన ఆ తొడుగు మెత్తబడాలని అక్క దాన్ని రొట్టెకుండలో పెట్టి, గుంటలో పాతింది. కుండకు అడుగున పగులుంది, అందులోంచి గుంటలోని వేడినీళ్లు లోపలికి ఊరతాయి. ఏడుపుకళ్లతో ఆమె చూసుకోలేదు.

మర్నాడు తీసి చూసింది. చూసి, మళ్లీ పాతింది. ఇక అక్కణ్ణించి కదల్లేదు. పొద్దస్తమానం గుంట పక్కనే కూర్చుని ఇసుకతో మాట్లాడేది.

అసలే అక్కడ నేల పల్చబడుతోంది. కొత్త కొత్త నెర్రెల్లోంచి ఆవిరి వస్తోంది. నిరుడు నా గొర్రె ఒకటి దిగబడితే, కొమ్ములు తప్ప ఏమీ దొరకలేదు మాకు.

"అక్కా, లే. నువ్వు కూడా ఉడికిపోతే నిన్ను ఏ గరిటెతో తియ్యమంటావు?"

"ఈ నేల నాకు తెలుసు లేరా గ్రిముర్. నీ గొర్రెకు తెలీలేదు, నీకూ తెలీదు. ఇద్దరిదీ ఒకటే బుర్ర."

"ఎవరితో కబుర్లు?"

"మీ బావతో."

అప్పుడు మా ఇంట్లో హెర్దీస్ అని ఒకావిడ అద్దెకుండేది. పట్నంలో పెద్ద చదువు చదివి, వేడినీటి బుగ్గల అంచున పట్టే జిగురును గీకి సీసాల్లో నింపుకోవడానికి వచ్చింది. మేము ఆమెను పాచిదొరసాని అనేవాళ్లం, ఆమె నవ్వేది. ఆమెను వెంటబెట్టుకెళ్లాను.

అక్క తనే రాళ్లు తీసి, మూత ఎత్తింది. తొడుగు కుండలో నిటారుగా నిలబడి ఉంది. వేళ్ల నిండా ఏదో ఉబ్బింది. అల్లిక సందుల్లోంచి నారింజ రంగు, ఆకుపచ్చ జిగురు మెరుస్తోంది. అక్క చూపుడువేలు అందించింది. తొడుగు మెల్లిగా ముడుచుకుని ఆ వేలిని పట్టుకుంది.

హెర్దీస్ నవ్వలేదు. గొంతు తగ్గించి చెప్పింది.

"భూమ్మీద మొట్టమొదటి ప్రాణికి సొంత చర్మం ఉండి ఉండదని మాలో కొందరి ఊహ అండీ. వేడి బుగ్గల దగ్గర రాతికి సన్నటి బొరియలుంటాయి, వాటిలో బతికేది. రాయి ఎలా ఉంటే తనూ అలా ఉండేది. ఎప్పుడో సొంత చర్మం కట్టుకుని, రాతిని వదిలేసి బయటికొచ్చింది."

"దాన్నించి మనిషి రావడానికి ఎన్నాళ్లు పట్టిందమ్మా?" అంది అక్క.

"ఓ మూడొందల యాభై కోట్ల ఏళ్లు."

"పర్లేదు. ఆయన ఏనాడు చెప్పిన వేళకి వచ్చాడు గనక."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. అప్పుడు భయమేసింది నాకు.

తిరిగొస్తుంటే హెర్దీస్ నా చెవిలో చెప్పింది. "దాని మీద చన్నీళ్లు పొయ్యండి. వేడికి అలవాటు పడింది, చచ్చిపోతుంది."

మర్నాడు పొద్దున్నే బకెట్టుతో సరస్సులోంచి చన్నీళ్లు ముంచుకెళ్లాను. ఆవిరి దట్టంగా ఉంది. అక్క మోకాళ్ల మీద వంగి ఉంది. ఆమె చుట్టూ ఇసుక పాల మీద మీగడలా వణుకుతోంది. కుండ తెరిచి ఉంది. తొడుగు ఖాళీగా పక్కన పడి ఉంది.

కుండలో ఒక చెయ్యి. గాజులా లోపలంతా కనబడుతోంది. గోళ్లు లేవు, అరచేతిలో గీతలు లేవు. చర్మం మాత్రం ఉంది, దాని సొంత చర్మం. అటొకటి ఇటొకటి రెండు బొటనవేళ్లు. తాడు లాగుతున్నట్టు ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది.

"అక్కా," అన్నాను. "బావకి చేతికెన్ని బొటనవేళ్లు?"

ఆమె దాని వేళ్లను ఒక్కొక్కటే తడిమింది.

"ఆయన కాదు," అంది.

నేను బకెట్టు ఎత్తాను.

"ఆగరా! అది నిన్నేం చేసింది? ఆయన కాకపోతే చంపేస్తావా?"

"దానికి సొంత చర్మం వచ్చింది, ఇక సరస్సులోనూ బతుకుతుంది," అంటూ రొట్టెలు తవ్వే పార అందుకుని, గుంట నుంచి సరస్సు దాకా ఇసుకలో కాలవ తీసింది. వేడినీళ్లు పరుగెత్తాయి. అది కుండ అంచు మీదుగా జారి, ఆ నీళ్లలో వేళ్ల మీద పాకుతూ, అక్క పక్కనుంచే సరస్సు వైపు వెళ్లింది. అక్క దాని వెంట నీటి అంచు దాకా నడిచి, వంగి, చెయ్యి ముంచింది. అంతలో వెనక గుభుక్కుమని చప్పుడైంది. ఆమె ఇందాక మోకాళ్లూనిన చోట నేల లేదు. కుండ, తొడుగు, రాళ్లు అన్నీ దిగిపోయి, బురద బుడగలు తేలుతున్నాయి.

ఇంటి దారి పట్టాం. సగం దారిలో అక్క, "బార్దుర్ పోయాడురా," అంది, మొదటిసారి. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"అది వెళ్తూ వెళ్తూ నా వేలు వదల్లేదు గ్రిముర్," అంది. "నేనే విడిపించుకున్నాను."